గుర్రానికి చెప్పిన కబుర్లు

"ష్‌!"

గుర్రపుశాల గుమ్మంలో కాలు పెట్టగానే ఆ అమ్మాయికి దొరికిన స్వాగతం అది.

"అబ్బే, నేనేం అరవలేదండీ! లోపల ఎవరైనా ఉన్నారా అని అడిగానంతే. జీనుల కొట్టు నుంచి వచ్చాను. ఎప్పుడూ మా నాన్న వస్తారు కదా, ఆయనకి మోకాలు పట్టేసింది. అందుకని కొత్త గుర్రానికి కొలతలు తియ్యమని నన్ను..."

"ష్‌!" అన్నాడతను మళ్ళీ. ఈసారి పెదవుల మీద వేలు కూడా పెట్టుకున్నాడు.

మనిషి పొడుగ్గా ఉన్నాడు. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. జుట్టులో ఒక గడ్డిపరక ఇరుక్కుని ఉంది, ఆ సంగతి అతనికి తెలిసినట్టు లేదు. 'మొహం బాగానే ఉంది, మర్యాదే లేదు' అనుకుంది ఆమె.

ఇక్కడొక గుట్టు విప్పాలి. తాత కాలం నుంచీ గుర్రాలకు జీనులు కుట్టే ఇంట్లో పుట్టిందన్న మాటే గానీ, ఆమెకు గుర్రమంటే చచ్చేంత భయం. తోలు కోయమంటే కోస్తుంది, దబ్బనం పట్టి కుట్టమంటే గీత గీసినట్టు కుడుతుంది. ఆ జీను ఎక్కాల్సిన జంతువు ఎదురుగా కనిపిస్తే మాత్రం పై ప్రాణాలు పైనే పోతాయి. భయం వేస్తే కొందరికి కాళ్ళు వణుకుతాయి, కొందరికి నోరెండిపోతుంది. ఆమెకు నోరు తెరుచుకుంటుంది. మామూలప్పుడు కూడా అది మూతపడేది తక్కువే, అది వేరే సంగతి. ఇంట్లో ముద్దుపేరే వాగుడుకాయ.

"కొత్తగా వచ్చింది. చిన్న చప్పుడైనా బెదిరిపోతోంది," అని గుసగుసగా చెప్పాడు అతను. "మా అత్త ఆర్డరు. ఇక్కడ ఎవరూ మాట్లాడకూడదు."

అత్త అంటే ఆ రైడింగ్ స్కూలు యజమానురాలు. అతను అక్కడ పిల్లలకు గుర్రపుస్వారీ నేర్పే మాస్టారు. అత్త మాట ఎంత గట్టిదో చుట్టూ చూస్తే తెలిసిపోయింది. గడియలకు గోనెపట్టా చుట్టారు. బకెట్ల కింద పాత దుప్పట్లు పరిచారు. అతని కాళ్ళకు మెత్తటి రబ్బరు చెప్పులు. సూది పడితే వినిపించేటట్టుంది ఆ చోటు.

అతను చివరి గది తలుపు తీశాడు. ఆమె లోపలికి చూసింది. చూసి, అనబోయిన మాట మరిచిపోయింది.

అంత దగ్గరగా అంత పెద్ద ప్రాణిని ఆమె ఎప్పుడూ చూడలేదు. ఎండిన లవంగం రంగు ఒళ్ళు. ఆ ఒంటి మీద వెలుగు పడి జారిపోతోంది. మెడ మీద ఒక్కో నరం ఒక్కో తాడులా లేచి ఉంది. ముక్కుపుటాలు విచ్చుకుంటుంటే లోపలి ఎరుపు కనిపిస్తోంది. ఇంత బలం ఉన్నది ఎందుకో గోడకు అంటుకుపోయి, కళ్ళలో తెల్లగుడ్డు కనబడేలా చూస్తూ వణుకుతోంది. అంత పెద్ద ఒంట్లో అంత భయం ఎలా పట్టిందా అని ఆమెకు ఆశ్చర్యమేసింది. తన భయం కాసేపు తనకే చిన్నదైపోయింది.

కొలత తియ్యడమంటే పెద్ద పనేం కాదు. మెత్తగా వంగే సీసపు తీగను గుర్రం మూపు మీద పరిచి, ఆ వంపు తీగకు వచ్చేలా అదిమి, జాగ్రత్తగా తీసి అట్ట మీద గీసుకోవాలి. పెద్ద పనల్లా ఆ మూపు దాకా వెళ్ళడమే.

ఊపిరి బిగబట్టి, మునివేళ్ళ మీద, కుక్కిన పేనులా నోరు మూసుకుని ఒక్కో అడుగూ వేసింది. తీగ ఇంకా గాల్లోనే ఉంది. ఆమె గాజు ఒకటి తీగకు తగిలి 'టింగ్' మంది.

అంతే. గుర్రం ముందుకాళ్ళెత్తి నిలబడిపోయింది. గిట్టలు పైకప్పును తాకుతాయా అన్నంత ఎత్తు. మాస్టారు ఆమె చెయ్యి పట్టి బయటికి లాగి తలుపు వేసేశాడు.

ఇక ఆమె నోరు ఆగుతుందా? బయట గోడకు చేరగిలబడి మొదలుపెట్టింది.

"నేను ముందే చెప్పాను మా నాన్నకి! నాకు గుర్రాలు పడవు నాన్నా అంటే, గుర్రం నిన్ను తినదే తల్లీ, గడ్డి తింటుంది అన్నారు. అది తినకపోతే ఏం, తొక్కెయ్యదా? నా బొమికలు ఏరుకుని వాటితో కూడా జీను కుడతారు కాబోలు మా ఇంట్లోవాళ్ళు! మీరైనా చెప్పొద్దూ? ముందు ష్‌ష్ అనడం, తర్వాత లోపలికి తొయ్యడం! మనుషుల్ని పిలిచే పద్ధతి ఇదేనా అండీ? బెల్లం కొట్టిన రాయిలా అలా నిలబడతారేం? మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయా?"

అతను వినడం లేదు. ఆమె పక్కనున్న తలుపు వైపు చూస్తున్నాడు. ఆమె తిరిగి చూసింది.

తలుపు పై సగం తెరిచే ఉంటుంది. అందులోంచి గుర్రం తల బయటికి వచ్చింది. చెవులు రెండూ నిక్కబొడుచుకుని ముందుకు వాలి ఉన్నాయి. ఆమె వైపే.

ఆమె నోరు టక్కున మూతపడింది. వెంటనే ఆ చెవులు అటూ ఇటూ వెతుక్కోవడం మొదలుపెట్టాయి.

"ఆపకండి," అన్నాడు మాస్టారు.

"ఏమిటి?"

"మాట్లాడటం. ఆపకండి. ప్లీజ్."

"ఏం మాట్లాడను? ఇందాకటిదాకా మిమ్మల్ని తిడుతున్నానంతే!"

"అదే కంటిన్యూ చెయ్యండి."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. వేళాకోళం చేస్తున్నట్టు లేదు. సరేనని తిట్లు కొనసాగించింది. కోరి తిట్టించుకునే మనిషి దొరకడం అంత తేలికా! గుర్రం చెవులు కదలకుండా వింటున్నాయి. దాని మెడ మీద నరాలు నెమ్మదిగా అణిగిపోయాయి.

అతను నాలుగు మాటలు కలిపి చెప్పడం అప్పుడే ఆమె మొదటిసారి విన్నది. "మేమంతా పిల్లుల్లా తిరుగుతున్నాం. దానికి మేం ఎక్కడున్నామో తెలీడం లేదు. ఉన్నట్టుండి పక్కన ప్రత్యక్షమవుతున్నాం. ఇంత నిశ్శబ్దంలో గాజు చప్పుడు కూడా పిడుగే. మీరు మాట్లాడుతుంటే మీరెక్కడున్నారో దానికి తెలుస్తోంది." అని, ఆగి, "రోజూ వస్తారా?" అన్నాడు.

"రోజూనా? నాకు గుర్రమంటే భయమండీ!"

"దానికీ మనుషులంటే భయమే. ఈ నెలాఖరులోగా ఎవరినీ ఎక్కించుకోకపోతే వెనక్కి పంపేస్తానంది అత్త. అమ్మినవాళ్ళ లారీ వస్తుంది. వాళ్ళు మళ్ళీ ఎవరికి అమ్ముతారో, అక్కడ కొడతారో ఏం చేస్తారో." అతను గుర్రం నుదుటి వైపు చెయ్యి చాపబోయి ఆగాడు. "అత్త వద్దంటున్నా ఏరి కోరి తెచ్చింది నేనే."

ఆమె గుర్రం వైపు చూసింది. ఆ పెద్ద నల్లటి కంట్లో తన బొమ్మ చిన్నగా, తలకిందులు కాకుండా నిలబడి ఉంది.

"వస్తాను," అంది. ఎందుకన్నదో ఆమెకే తెలియదు.

సంగతి విని తండ్రి తెగ నవ్వాడు. "ఇన్నేళ్ళూ నీ నోటికి తాళం వెయ్యలేక నేను చచ్చాను. దానికీ గిరాకీ ఉందన్నమాట!"

మర్నాటి నుంచి పనులన్నీ అయ్యాక సాయంత్రం ఆమె వెళ్ళేది. తలుపు ఇవతల బకెట్ బోర్లించుకుని కూర్చునేది. అతను తలుపు పక్కన చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఆమె గుర్రానికి కబుర్లు చెప్పేది.

"చూడు లవంగం, ఈరోజు ఏమైందంటే..."

"పేరు పెట్టారా?" అన్నాడతను కంగారుగా. "ఉంటుందో లేదో తేలకుండా మేం గుర్రానికి పేరు పెట్టం."

"మీరు పెట్టలేదు, నేను పెట్టాను. పేరు లేనిదాన్ని ఎన్నాళ్ళని 'ఏయ్' అని పిలుస్తాం? నిన్ను పేరు పెట్టి పిలవకపోతే నువ్వు మాత్రం పలుకుతావా లవంగం?"

దబ్బనం బొటనవేల్లో దిగబడిన కథ చెప్పింది. చిన్నప్పుడు దాగుడుమూతలాడుతూ పెద్ద జీను కింద దూరి అక్కడే నిద్రపోతే, ఇంటిల్లిపాదీ వీధులన్నీ గాలించిన కథ చెప్పింది. కుట్టు వంకరపోతే నాన్న తిట్టడు, ఊరికే నిట్టూరుస్తాడు, ఆ నిట్టూర్పు కంటే తిట్టే నయం అని చెప్పింది. అన్నీ తలా తోకా లేని కబుర్లే. లవంగం ఒక్కటీ పొల్లుపోకుండా వినేది. మర్నాటికి మళ్ళీ గోడకే అంటుకున్నది, ఒక రోజు గోడ వదిలింది. ఇంకో రోజు గది మధ్యకు వచ్చింది. మరో రోజు వాన పడుతుంటే, రేకుల మీద చప్పుడుకు అది మళ్ళీ వణికిపోతుంటే, ఆమె వానను మించిన గొంతుతో, "వానకి నువ్వు భయపడతావేంటే, నీ తోక తడుపుకోడానికి కూడా చాలదు!" అని కేకలేసింది. గుర్రం మెల్లగా వచ్చి తల ఆమె భుజం మీద ఆనించింది.

ఎంత బరువో ఆ తల! వెచ్చటి ఊపిరి మెడ మీద పడుతోంది. గడ్డం కింది ఒళ్ళు కొత్త వెల్వెట్టు కూడా దిగదుడుపే అన్నంత మెత్తగా ఉంది. ఒక్క విదిలింపుతో తనను గోడకు కొట్టగల ప్రాణి, తన భుజం ఆసరా అడుగుతోంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మాస్టారూ," అంది మెల్లగా, "నేను బతికే ఉన్నానా?"

"మాట్లాడుతున్నారుగా," అన్నాడతను. అతని కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి. కాకపోతే అతను చూస్తున్నది గుర్రాన్ని కాదు. ఆ సంగతి ఆమె గమనించలేదు.

ఆరోజే తీగ మూపు మీద ఒదిగింది. వంపు అట్ట మీదికెక్కింది. ఆ తర్వాత దుప్పటి, ఆ తర్వాత పాత జీను, ఒక్కోటీ లవంగం వీపెక్కాయి, ఆమె మాటలు వింటూనే. ఇంట్లో కొత్త జీను రూపు కడుతోంది. నాన్నను ముట్టుకోనివ్వకుండా ప్రతి కుట్టూ తనే వేసింది.

ఒక సాయంత్రం కాస్త ముందుగా వెళ్ళేసరికి గదిలోంచి మగగొంతు వినిపించింది.

"ఈరోజు... ఎండగా ఉంది. నిన్న కూడా ఎండే." చాలాసేపు ఏమీ లేదు. "రేపు కూడా ఎండే అనుకుంటా."

గుర్రం అటు తిరిగి గడ్డి తింటోంది. ఆమె పకపకా నవ్వింది. "అయ్యో మాస్టారూ! రేడియోలో వాతావరణ సూచన కూడా ఇంతకంటే రంజుగా ఉంటుంది!"

అతని మొహం కందగడ్డయింది. ఆమె కబుర్లు చెప్పినంతసేపూ ఉలుకూ పలుకూ లేదు. ఆమె వెళ్ళబోతుంటే గేటు దాకా వచ్చి, "రేపటి నుంచి మీరు రానక్కర్లేదు," అన్నాడు.

ఆమె గేటు మీద చెయ్యి వేసి ఆగింది. "నవ్వినందుకా?"

"కాదు. ఇక నేనే..." అని ఆగిపోయాడు.

ఆమె ఎదురుచూసింది. మిగతా సగం రాలేదు.

"మీరెక్కడున్నారో గుర్రానికే కాదండీ, మనుషులకీ తెలీదు," అంది. "పనైపోయింది, దారి చూసుకోమని చెప్పొచ్చు కదా. నేనేం బెదిరిపోను."

కానీ బెదిరింది. ఇంటికి వచ్చి తోలు ముందేసుకుని కూర్చుంది. ఆ రాత్రీ, మర్నాడూ, ఆపై రోజూ ఇంట్లో దబ్బనం చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు.

"ఏమ్మా, ఒంట్లో బాలేదా?" అన్నాడు తండ్రి. "కొట్లోకి వస్తే ఎవరూ లేరేమో అనుకుని తాళం వేసేయబోయాను."

"బాగానే ఉన్నాను నాన్నా."

"బాగున్నవాళ్ళు అంత పొట్టిగా జవాబు చెప్పరు." ఆయన కాసేపు చూసి, అతికష్టం మీద కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూలబడ్డాడు. "ఇవాళే కదా ఆఖరు రోజు. జీను పట్టుకెళ్ళి నువ్వే ఇచ్చిరా."

"మీరు వెళ్ళొచ్చుగా."

"మోకాలమ్మా," అన్నాడు తండ్రి. ఇందాక ఆయన నిచ్చెనెక్కి అటక మీది తోలు దించడం ఆమె చూసింది. చూసి కూడా ఏమీ అనలేకపోయింది. వెళ్ళాలని ఆమెకూ ఉంది మరి.

ఆమె వెళ్ళేసరికి గేటు బయట లారీ నిలబడి ఉంది. లారీ వెనక తలుపు తెరిచి, పలక దించి, ఎక్కించడానికి సిద్ధంగా ఉంచారు. కంచె దగ్గర అత్త చేతులు నడుముకు ఆనించి నిలబడింది.

"నువ్వేనా ఆ మాటల అమ్మాయివి?" అంది అత్త. "ఒక్క చుట్టు తిరిగి, చెప్పినచోట ఆగి నిలబడాలి. లేదంటే లారీ ఎక్కాలి. మావాడికి చెప్పేశాను. నాకు వీడి మీద జాలి ఉంది, కానీ ఇక్కడికి పసిపిల్లలు వస్తారు. బెదిరే గుర్రాన్ని పెట్టుకోలేను."

ఆ మాటలో తప్పు పట్టడానికేం లేదు. అందుకే ఆమెకు ఇంకా భయమేసింది.

మాస్టారు జీను అందుకున్నాడు. ఆమె కళ్ళలోకి చూడకుండానే కుట్టంతా వేలితో ఒకసారి తడిమాడు. జీను లవంగం మూపు మీద కూర్చున్న తీరుకు అత్త కూడా 'ఊఁ' అంది. అతను రికాబులో కాలు పెట్టి పైకెక్కాడు. గుర్రం ఒళ్ళంతా బిగుసుకుపోయింది.

"ఈరోజు ఎండగా ఉంది," అన్నాడతను గట్టిగా.

గుర్రం ఒక అడుగు వేసింది.

"నిన్న కూడా..." అని మింగాడు. "ఇది కంచె. అది కొళాయి. అదిగో, అది మా అత్త."

"నాకు తెలుసులేరా," అంది అత్త.

సగం చుట్టు ఎలాగో నడిచింది. అప్పుడే లారీ పలక గాలికి దడాలున కొట్టుకుంది. లవంగం దిమ్మ తిరిగినట్టు గిర్రున తిరిగింది. తల పైకి, చెవులు వెనక్కి, కంట్లో మళ్ళీ ఆ తెల్లగుడ్డు. ఆమె కంచె మీది కర్రను చెయ్యి నొప్పెట్టేలా పట్టుకుంది. అరవబోయింది. అత్త ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "రోజూ నువ్వుండవు కదమ్మా. వాడి గొంతే దానికి తెలియాలి."

అతను పగ్గం లాగలేదు. గుర్రం మెడ మీద చెయ్యి వేశాడు. ఒకసారి కంచె వైపు చూశాడు, ఆమె వైపు. ఆనకట్ట తెగినట్టు అతని నోట మాట వచ్చింది.

"లవంగం, ఆవిడకి దబ్బనం దిగింది ఎడమ బొటనవేల్లో. మచ్చ ఇంకా ఉంది, నేను చూశాను. చిన్నప్పుడు జీను కింద నిద్రపోయింది. వాళ్ళ నాన్న నిట్టూరిస్తే ఆవిడకి ఏడుపొస్తుంది. అన్నీ నీకే చెప్పిందనుకున్నావా? నేనూ విన్నాను. ఒక్క ముక్క మర్చిపోలేదు."

గుర్రం చెవి ఒకటి వెనక్కి, అతని వైపు తిరిగింది. నడక సర్దుకుంది.

"రావద్దని ఎందుకన్నానో తెలుసా? ఆవిడ ఉంటే వినాలనే ఉంటుంది, నోరు తెరవాలని ఉండదు. నేను మాట్లాడ్డం నేర్చుకోకపోతే నువ్వు లారీ ఎక్కాల్సొస్తుంది. ఈ మాట గేటు దగ్గరే చెప్పాలి, సగంలో ఆగిపోయింది. నాకెప్పుడూ అంతే, సగం మాట గొంతులోనే ఉండిపోతుంది. ఆవిడ బాధపడింది. ఈ రెండు రోజులూ నాకు అన్నం సహించలేదు."

కంచె పక్కన అత్త తన చెయ్యి ఎప్పుడు వదిలేసిందో ఆమెకు తెలియదు.

"ఆవిడకి నువ్వంటే భయం, ఆ సంగతి తెలుసా నీకు? మొదటి రోజు చేతులు ఎలా వణికాయో నేను చూశాను. వణుకుతూనే మర్నాడు వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. నేను పుట్టినప్పటి నుంచీ గుర్రాల మధ్యే ఉన్నాను, అంత ధైర్యం ఇంతవరకు ఎక్కడా చూడలేదు. నాకు ఆవిడంటే ఇష్టం. చాలా ఇష్టం. కాదంటే కాదనని, నేను మాత్రం ఇది పూర్తిగా చెప్పి తీరాలి. జీవితమంతా ఆవిడ కబుర్లు వినాలని ఉంది. అప్పుడప్పుడు నేనూ చెబుతాను. ఎండ గురించి కాదులే."

చుట్టు పూర్తయింది. కంచె దగ్గర, ఆమె ఎదురుగా, గుర్రం ఆగింది. అతని మాటలు కూడా అయిపోయాయి. ఇంత మాట్లాడింది తనేనా అన్నట్టు తెల్లబోయి కూర్చున్నాడు.

మాట ఆగితే గుర్రం బెదురుతుందని అందరికీ తెలుసు. ఆమెకూ తెలుసు. ఏదో ఒకటి అనాలి. లోకంలో ఉన్న మాటలన్నీ ఎటు పోయాయో, ఒక్కటీ నాలుక మీదికి రాదు.

లవంగం తల మెల్లగా కిందికి దిగింది. పెదవి వేలాడింది. కళ్ళు అరమూతలు పడ్డాయి. ఒక వెనక కాలు సడలించి, గిట్ట కొనను మాత్రం నేలకు ఆనించింది.

"ఒరేయ్," అంది అత్త గుసగుసగా. "అది నిద్రపోతోందిరా! వచ్చిన రోజు నుంచి ఇది కాలు సడలించి నిలబడగా నేను చూళ్ళేదు. నీ బరువు వీపు మీద పెట్టుకుని నిద్రపోతోంది."

అందరూ చూస్తూ ఉండిపోయారు. లారీ డ్రైవరు కూడా కిందికి దిగి వచ్చి, తల మీది టోపీ తీసి పట్టుకున్నాడు. మిట్టమధ్యాహ్నపు ఎండలో, అంత పెద్ద ప్రాణి, తనకెవరూ హాని చెయ్యరని నమ్మి, ఊపిరి తీస్తూ వదులుతూ ఉంది. అంతకు మించి అక్కడేమీ జరగడం లేదు. అయినా ఆమెకు ఒళ్ళు గగుర్పొడిచింది. భయంతో గోడకు అంటుకుపోగా తాను చూసిన ప్రాణి, ఇప్పుడిలా నిద్రపోతోంది. ఈ నమ్మకాన్ని ఎవరూ కొట్టి తేలేరు, కొని తేలేరు.

అత్త డ్రైవరుకు చేత్తో సైగ చేసింది, వెళ్ళిపొమ్మని. తర్వాత ఆమె వైపు తిరిగి, "గుర్రం సంగతి నేను తేల్చేశాను. నువ్వు చెప్పాల్సింది మిగిలింది," అంది. "మీ నాన్నతో మాట్లాడటానికి సాయంత్రం రమ్మంటే వస్తాను. వద్దంటే రాను. వాడు మాత్రం ఇప్పుడు దిగలేడు, గుర్రం లేస్తుందని."

నిజమే. మాస్టారు ఊపిరి కూడా ఆచితూచి పీలుస్తూ, బొమ్మలా బిగుసుకుపోయి కూర్చున్నాడు. చూపు మాత్రం ఆమె మీదే ఉంది.

ఆమె కంచె కిందుగా వంగి లోపలికి వెళ్ళింది. మునివేళ్ళ మీద నడవలేదు, మామూలుగానే నడిచింది. రికాబు పక్కన నిలబడి తల పైకెత్తింది.

"నాక్కూడా మీరంటే ఇష్టమే మాస్టారూ," అంది. గుసగుసగా కాదు, రోజూ మాట్లాడే గొంతుతోనే. "సాయంత్రం మీ అత్తయ్యతో పాటు మీరూ రండి."

లవంగం ఒక చెవి ఇటు తిప్పింది. ఎవరి గొంతో పోల్చుకుని, కళ్ళు తెరవకుండానే మళ్ళీ వదిలేసింది.